అమ్మాయిలూ, ముందుకు

అమ్మాయిలూ,

ఉత్తరాలు చదివే ఓపిక మీకుందో లేదో గానీ, రాసే ఓపిక నాకింకా ఉంది.

సియాటిల్‌లో కూతురింటికి వచ్చాను. మొన్న శనివారం మనవరాలు నన్ను ఒలింపియాలో పంక్ రాక్ కచేరీకి తీసుకెళ్లింది. దక్షిణంగా వంద కిలోమీటర్లు. దారిలో ‘స్లీటర్ కిన్నీ రోడ్’ బోర్డు చూసి కేరింత కొట్టింది. ఆ రోడ్డు పేరుతోనే 1994లో ఇక్కడి ఆడపిల్లలు బ్యాండ్ కట్టారట. మనవాళ్లు ‘అమీర్‌పేట చౌరస్తా’ అని పెట్టుకున్నట్టు!

మేం చూసింది ఊరి పిల్లల బ్యాండు. చిన్న హాలు, అందరూ నిలబడే వినాలి. నాకు మాత్రం ఎవరో మడత కుర్చీ వేశారు. సగం మాటలు అందలేదు. అందినవాటిలో కొన్ని మనిళ్లలో పలకనివి. శ్రుతి సంగతి అడక్కండి.

పాట మొదలెట్టే ముందు గాయని ఆడపిల్లల్ని వేదిక దగ్గరికి రమ్మంది, మగపిల్లల్ని వెనక్కి జరగమంది. ఇది ఈ ఊరి ఆనవాయితీ. పంక్ కచేరీల్లో వేదిక ముందు మగవాళ్లు గుద్దుకుంటూ గెంతుతుంటే ఆడపిల్లలు గోడవారకు చేరేవారు. 1990లో ఇక్కడే పుట్టిన ‘బికినీ కిల్’ బ్యాండు గాయని కేథలీన్ హానా ఆ వరస తిరగేసింది. 1991 ఆగస్టు 20న ఈ ఊళ్లోనే ఒక సంగీత సంబరంలో మొదటి రాత్రి ఆడపిల్లలదే. కొందరు వేదికెక్కడం అదే మొదలు. వాయించడం బాగా వచ్చాక చూద్దామని ఆగలేదు. అత్యాచారం గురించీ, ఇంట్లో తినే దెబ్బల గురించీ పాడారు, రాసి జిరాక్సు తీసి పంచారు.

మరి మేం పాట నేర్చింది దేనికి? పెళ్లిచూపులకి. సరళీ స్వరాలు, నాలుగు కీర్తనలు. చాప మీద తలొంచుకుని కూర్చుంటే “ఏదీ, ఒక పాట పాడమ్మా” అనేవారు. గొంతు పెంచితే గయ్యాళి అనుకుంటారని మా అమ్మ భయం. పెళ్లవగానే హార్మోనియం అటకెక్కేది.

మన దగ్గర గొంతు పెంచింది కవయిత్రులు. సావిత్రి ‘బందిపోట్లు’, జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ చదివి పెద్దమనుషులు ముక్కు మూసుకున్నారు. ఓల్గా కూర్చిన స్త్రీవాద కవితల సంకలనం ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చింది, ఇక్కడ ఈ పిల్లల గోల జోరుగా ఉన్న రోజుల్లోనే.

ఒకటి మాత్రం గమనించండి. ఒలింపియాలో ముందుకొచ్చింది ఎక్కువగా తెల్లపిల్లలే. మా మాటేమిటని నల్లజాతి అమ్మాయిలు నిలదీశారు. మన దళిత స్త్రీలూ అదే అడిగారు. గోగు శ్యామల కూర్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం ‘నల్లపొద్దు’ 2003లో గానీ రాలేదు. ముందుకు రమ్మన్నప్పుడు ఇంకా గోడవారన ఎవరున్నారో ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.

అబ్బాయిలూ, మీరూ చదువుతున్నారని తెలుసు. మొన్న కచేరీలో వెనక నిలబడ్డ కుర్రాళ్లు అలిగి వెళ్లిపోలేదు, చివరిదాకా విన్నారు.

మనవరాలు గిటార్ కొనమంటోంది. పరీక్షలయ్యాక చూద్దామంటోంది వాళ్లమ్మ. నేను డబ్బిచ్చేశాను.

మీ అమ్మమ్మ