పనికిరాదనడానికి వాళ్ళెవరు?

"పాత ఇనుంలో వేసేయండి మేడమ్" అన్నాడు ఏలూరు రిపేరు షాపు కుర్రాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. 2009 చివర్లో కొనుక్కున్న చిన్న నెట్‌బుక్కండీ అది! వంటింటి గట్టుమీద, పోపు వేగేలోపల నాలుగేసి వాక్యాలు రాసుకుంటూ రెండు నవలలు పూర్తి చేశాను దానిమీద.

మొదటినుంచీ దానికి సవతితల్లి ప్రేమే. అందులో పెట్టిచ్చిన విండోస్ 7 స్టార్టర్‌లో తెరమీద బొమ్మ మార్చుకునే వీలు కూడా ఉండేది కాదు. మేకు కొట్టనివ్వని అద్దింటివాళ్ళ మాదిరి! 2020 జనవరి 14తో ఆ కాస్త ఆలనాపాలనా కూడా ఆగిపోయింది. విండోస్ 11కి నాలుగు జీబీల మెమరీ కావాలిట. దీనికున్నది ఒక్కటే. కీబోర్డు చెడలేదు, తెర చెడలేదు, మరి చెడిందేమిటీ అంట?

కొల్లేట్లో దోనెకి చిల్లుపడితే అతుకేసుకుంటారు గానీ, నీళ్ళు మారాయి కొత్తది కొనుక్కోమంటారా ఎవరైనా?

తాడేపల్లిగూడెం నుంచి మా మేనల్లుడొచ్చి, పైసా ఖర్చులేని డెబియన్ 12ని పెన్‌డ్రైవులోంచి ఎక్కించాడు. "2025లో వచ్చిన 13 దీనిమీద ఎక్కదు అత్తయ్యా" అన్నాడు. 32 బిట్ల పాతవాటికి వాళ్ళూ తలుపేశారుట. వీళ్ళూ ఆ తానుముక్కలేనన్నమాట!

ఇంటర్నెట్ నత్తనడకే, ఒప్పుకుంటాను. తెలుగు మాత్రం చక్కగా పడుతోంది. అన్నిటికన్నా ముందు, తెరమీద ఆటపాక గూడబాతుల ఫోటో పెట్టించుకున్నాను.