పొరుగు ల్యాబ్ బలమే మన ధీమా

2020 మార్చి 2న రెండు కొత్త కరోనా కేసులు ఒకేరోజు బయటపడ్డాయి. ఒకటి తూర్పు ఢిల్లీలోని మయూర్ విహార్‌లో, రెండోది హైదరాబాద్‌లో. ఒకరు ఇటలీ వెళ్లొచ్చినవారు, మరొకరు దుబాయ్ నుంచి వచ్చినవారు. కొత్త వైరస్‌ను పట్టే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష అప్పటికే మన ల్యాబ్‌లలో ఉంది. చైనా శాస్త్రవేత్తలు జనవరిలోనే వైరస్ జన్యుక్రమాన్ని వెల్లడించారు. కొద్ది రోజులకే జర్మనీ పరిశోధకులు పరీక్ష పద్ధతిని అందరికీ అందుబాటులో ఉంచారు. ఇలా పంచుకోవడం వల్లే ప్రపంచమంతటా ల్యాబ్‌లు త్వరగా సిద్ధమయ్యాయి.

ఆ సాయం అందకపోతే ఏమవుతుందో సిలిగురి చెబుతుంది. నేపాల్, బంగ్లాదేశ్ సరిహద్దులకు దగ్గరగా ఉన్న ఆ ఊళ్లో 2001 ఆరంభంలో అంతుచిక్కని జ్వరం 66 మందికి సోకింది. ఆసుపత్రి సిబ్బంది కూడా దాని బారిన పడ్డారు. అది నిపా అని అప్పుడు తేలలేదు. దాచి ఉంచిన నమూనాలను అమెరికా సీడీసీ నిపుణులతో కలిసి పరీక్షించాక, 2006లో ఆ సంగతి ప్రచురితమైంది. అదే 2018లో కేరళలో నిపా వచ్చినప్పుడు మణిపాల్, పుణె ల్యాబ్‌లు కొద్ది రోజుల్లోనే గుర్తించాయి. ల్యాబ్ సిద్ధంగా ఉండటానికీ లేకపోవడానికీ తేడా అంత.

దేశాలు కలిసి పనిచేస్తే ఫలితం ఎలా ఉంటుందో పోలియో విషయంలో చూశాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియో ల్యాబ్ వ్యవస్థలో సభ్య ల్యాబ్‌లన్నీ ఒకే పద్ధతి పాటిస్తాయి. ఏటా వాటికి లోపల ఏముందో చెప్పని నమూనాలు పంపి, జవాబులు సరిచూస్తారు. క్లిష్టమైన పరీక్షలను ముంబయిలాంటి చోట ఉన్న పెద్ద ల్యాబ్‌లు చేస్తాయి. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతంలోని 11 దేశాలకు పోలియో రహిత గుర్తింపు దక్కడంలో ఆ ల్యాబ్‌ల పాత్ర తక్కువేమీ కాదు.

ఇక్కడి ఆసుపత్రుల ల్యాబ్‌లకే సిబ్బంది, కిట్లు చాలనప్పుడు పొరుగు దేశాలకు సాయమెందుకని కొందరు అడగవచ్చు. ప్రశ్న సబబే. కానీ పొరుగున ఆలస్యంగా తేలిన జబ్బు ఇక్కడికి ముందే చేరుతుంది. పైగా శిక్షణ, నాణ్యతా పరీక్షల కోసం వేసే బాట ఇరువైపులా ఉపయోగపడుతుంది.

2021 బడ్జెట్‌లో ఆగ్నేయాసియా దేశాల కోసం ప్రాంతీయ పరిశోధన వేదికను ప్రకటించారు. అలాంటి వేదికకు విలువ వచ్చేది భవనం వల్ల కాదు. నమూనాలను సరిహద్దు దాటించే అనుమతులు ముందే ఖరారై ఉండాలి. ఒకరి టెక్నీషియన్లు మరొకరి ల్యాబ్‌లో శిక్షణ పొందాలి. నాణ్యతా పరీక్ష ఏటా తప్పక జరగాలి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వలేం. ఈ ఒప్పందాలు కుదుర్చుకోవాల్సింది అంటువ్యాధి లేని రోజుల్లోనే.