రోడ్డు దాటితేనే సముద్రం

విశాఖపట్నంలో బీచి రోడ్డు పక్క వీధిలో కాపురముంటున్న ఒక సోదరి ఇలా రాశారు: “మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్ళు. చక్కెర వ్యాధి ఉంది. రోజూ నడవమని డాక్టరుగారు చెప్పారు. మొన్న ఆదివారం సాయంత్రం రోడ్డు దాటుతుంటే మోటారు సైకిలొకటి ఆమెను రాసుకుంటూ పోయింది. అప్పటినుంచి గడప దాటడం లేదు. నడక మానిపించమంటారా?”

మానిపించకండమ్మా. చక్కెర వ్యాధికి నడక మందుతో సమానం. జాగ్రత్తపడవలసిందల్లా రోడ్డు దాటే ఆ కాసేపే.

ఒక చిన్న లెక్క చూడండి. ఏడు మీటర్ల వెడల్పు రోడ్డు దాటడానికి నెమ్మదిగా నడిచే పెద్దలకు తొమ్మిది సెకన్లు పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ లోపల 150 మీటర్లు వచ్చేస్తుంది. “ఇంకా దూరంగానే ఉంది గదా” అనుకుని అడుగు వేస్తే, రోడ్డు మధ్యకు చేరేసరికి అది మీద పడుతుంది.

పైగా అలల హోరులో బండి చప్పుడు సరిగా వినిపించదు. వచ్చినవారి చూపంతా సముద్రం మీదే ఉంటుంది. ఇసుక ఒడ్డున 2002లో కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల వెలసింది. దానికి ఎదురుగా, రోడ్డు అవతల, 2017 నుంచి టి.యు.-142 విమానం ఉంది. ఒకటి చూసిన పిల్లలు రెండోదానికోసం పరుగు తీస్తారు. ఆగి ఉన్న కార్ల మధ్యనుంచి దూసుకొచ్చే పిల్లవాణ్ణి డ్రైవరు చూసేసరికే ఆలస్యమైపోతుంది.

మీ అత్తగారిని బాగా వెలుతురు వచ్చాక, రద్దీ పెరగకముందే తీసుకువెళ్ళండి. లేత రంగు చీర కట్టించండి. చారల గుర్తులున్నచోటే, రెండు వైపులా చూసుకుని, పక్కన మీరు నడుస్తూ దాటించండి. రోడ్డు మధ్య దిమ్మె ఉంటే అక్కడ ఆగి, రెండో సగం మళ్ళీ చూసి దాటండి. పిల్లల మణికట్టు పట్టుకోండి. వేళ్ళు పట్టుకుంటే విదిలించుకుని పరుగెత్తుతారు. సాయంత్రాలు రద్దీగా ఉంటే డాబామీద నడిచినా ఫలితం అదే.

ఇక దెబ్బ తగిలితే? కొన్నేళ్ళ క్రితం నేను ఒక సముద్రతీరపు ఊళ్ళో పనిచేస్తుండగా, స్కూటరు తగిలి పడిన ఒక పెద్దాయన లేచి దులుపుకుని, “ఏమీ కాలేదు” అంటూ ఇంటికి వెళ్ళి పడుకున్నాడు. అలసటేనని ఇంట్లోవాళ్ళు లేపలేదు. తెల్లవారి మా దగ్గరకు తెచ్చేసరికి చేయి దాటిపోయింది. తలలోపల రక్తం మెల్లగా చేరుతున్నప్పుడు మనిషి కొన్ని గంటలు మామూలుగానే ఉండవచ్చు. తలకు దెబ్బ తగిలాక వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, తికమక మాటలు, ఫిట్స్, చెవిలోంచి గాని ముక్కులోంచి గాని రక్తం — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారైతే ఈ లక్షణాలకోసం చూడకుండానే వెళ్ళాలి.

పడినవారు లేవలేకపోతే బలవంతాన లేపకండి. మంచినీళ్ళు, కాఫీ తాగించకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కి ఫోను చేయండి. పోలీసు కేసని భయపడనక్కరలేదు. మంచి మనసుతో సాయపడినవారికి 2019 చట్ట సవరణ రక్షణ కల్పించింది. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో వారం రోజులదాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా చికిత్స పొందవచ్చు.

బళ్ళు నడిపేవారికి ఒక్క మాట. కారు వేగం 50 నుంచి 65 కిలోమీటర్లకు పెరిగితే, ఎదురుగా ఢీకొన్న పాదచారికి ప్రాణాపాయం నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీరు ఆదా చేసుకునేది ఒకటి రెండు నిమిషాలు.

సోదరీ, మీ వీధివాళ్ళందరూ కలిసి ఏ మలుపులో, ఏ వేళ ప్రమాదాలు జరుగుతున్నాయో తేదీలతో రాసి, కార్పొరేషనుకు, ట్రాఫిక్ పోలీసులకు అర్జీ పెట్టండి. వేగ నిరోధకాలు, చారల గుర్తులు, దీపాలు కావాలని అడగండి. ఈలోగా రేపు ఉదయమే అత్తగారి చెయ్యి పట్టుకుని బయలుదేరండి.