ముగ్గురూ ఆడపిల్లలేనా?

మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టిందంటే ఆ ఇంటి కోడలు వినవలసివచ్చే మాటలు అన్నీ ఇన్నీ కావు. ఆడపిల్ల పుట్టిందన్న వార్త విని ముఖం మాడ్చుకునేవారిని దివ్య ఖుర్ఆన్ 'అన్నహ్ల్' సూరాలో తీవ్రంగా మందలించింది. కుమార్తెలనైనా, కుమారులనైనా ప్రసాదించేవాడు అల్లాహ్ యేనని 'అష్షూరా' సూరాలో స్పష్టం చేసింది. విశ్వాసికి ఈ మాట చాలు. అయినా నిందలు ఆగడం లేదు. "ఆమెలో ఏదో లోపం లేకపోతే వరుసగా ముగ్గురూ ఆడపిల్లలే ఎందుకు పుడతారు?" అని అడిగేవారికి ఇంట్లో చదువుకుంటున్న పిల్లలే లెక్కతో సమాధానం చెప్పగలరు. అందుకు తోడ్పడే విద్య గణాంక ప్రోగ్రామింగ్.

ఈ విద్యకు విరివిగా వాడే కంప్యూటర్ భాష పేరు 'ఆర్'. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు 1990ల ఆరంభంలో దీనిని రూపొందించారు. దీనికి పైసా చెల్లించనక్కరలేదు. సొంత కంప్యూటర్‌లో సదుపాయం చాలకపోతే, గూగుల్ కొలాబ్ ద్వారా ఇంటర్నెట్‌లోనే ఉచితంగా వాడుకోవచ్చు.

ఇందులో అందరికీ పనికివచ్చే అంశం సిమ్యులేషన్. అంటే, జరిగే సంగతిని పోలిన నమూనాను కంప్యూటర్‌లో వేలసార్లు జరిపించి ఫలితాలను లెక్కించడం. 'అబ్బాయి', 'అమ్మాయి' అనే రెండు మాటలిచ్చి, చూడకుండా చీటీ తీసినట్లు మూడుసార్లు ఎంచమంటే ఒక కుటుంబం తయారవుతుంది. అలా 10,000 కుటుంబాలను తయారుచేయించి, ముగ్గురూ ఆడపిల్లలే ఉన్నవి ఎన్నో లెక్కించమంటే, సుమారు 1,250 అని వస్తుంది. అంటే ప్రతి ఎనిమిది ఇళ్లలో ఒకటి. నిజానికి ప్రకృతిసిద్ధంగా 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు. ఆ నిష్పత్తి ఇచ్చి మళ్లీ నడిపితే సంఖ్య దాదాపు 1,160కి తగ్గుతుంది. అప్పటికీ అది అరుదైన విషయం కాదు. ఏ తల్లిలోనూ ఏ లోపమూ లేదని అనుకుని వేసిన లెక్కలోనే ఇన్ని ఇళ్లు తేలాయి. ఇక బిడ్డ ఆడో మగో తేల్చే క్రోమోజోమ్ తండ్రి నుంచి వస్తుందని జీవశాస్త్రం చెబుతూనే ఉంది.

ఈ విద్య విషయంలో కొందరు తల్లిదండ్రులకు రెండు సందేహాలు కలగవచ్చు. మొదటిది, పాఠాలలో పాచికలు, పేకముక్కల ఉదాహరణలు ఉంటాయి. ఈ పద్ధతికి 'మాంటే కార్లో' అన్న పేరు కూడా మొనాకోలోని జూదశాలను బట్టే వచ్చింది. 1946లో అనారోగ్యం నుంచి కోలుకుంటూ పేకముక్కలు పేర్చుకుంటున్న స్టానిస్లా ఉలామ్ అనే గణితవేత్తకు ఈ ఆలోచన తట్టింది. కాని పాచికల గణితం నేర్చుకోవడం వేరు, పాచికలాడటం వేరు. పైగా పందేల యాప్‌లలో ఆడేవాడు చివరికి నష్టపోవడమే ఎందుకు జరుగుతుందో ఈ లెక్కే కళ్లకు కట్టినట్లు చూపుతుంది. రెండవది, 'యాదృచ్ఛికం' అన్న మాట విధివ్రాతను కాదంటుందేమోనన్న శంక. ఈ శాస్త్రంలో ఆ మాటకు, ఏది జరుగుతుందో మనకు ముందుగా తెలియదన్నదే అర్థం. మనకు తెలియనిది అల్లాహ్‌కు తెలుసు.

ఎక్కడ నేర్చుకోవాలి? ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సులు, కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన 'స్వయం' వేదికపై లభిస్తాయి. చేరడం, పాఠాలు వినడం ఉచితం. ధ్రువపత్రం కావాలంటేనే రుసుము చెల్లించి, పరీక్షాకేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ పాఠ్యాంశాలలో 40 శాతం వరకు స్వయం కోర్సుల ద్వారా పూర్తిచేసే వీలుంది. అయితే మీ కళాశాల దానిని ఆమోదిస్తుందో లేదో ముందే విచారించండి. దూరం వల్ల కళాశాల చదువు ఆగిపోయిన అమ్మాయిలకు ఈ పాఠాలు ఇంటి వద్దనే లభించే అవకాశం.

అయితే వీడియోలు చూసినంత మాత్రాన విద్య రాదు. పాఠాన్ని మధ్యలో ఆపి, జవాబు ఎంత రావచ్చో ముందుగా ఊహించి కాగితంపై రాసుకోవాలి. ఆ తర్వాతే ప్రోగ్రామును సొంతంగా టైపు చేసి నడపాలి. ఊహకూ ఫలితానికీ తేడా ఎందుకు వచ్చిందో ఆలోచించినప్పుడే అసలు చదువు మొదలవుతుంది. ఫజ్ర్ నమాజు తర్వాత రోజూ ఒక గంట కేటాయించినా చాలు. ఇంటిపనికి ఇతరుల జవాబులను నకలు చేసి ధ్రువపత్రం పొందడం మాత్రం అమానతుకు ద్రోహం. తాను చేయని పనికి తన పేరు పెట్టుకోవడం అబద్ధపు సాక్ష్యంతో సమానం.

తల్లులారా! మీకు కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు. మీ అబ్బాయినో, అమ్మాయినో ఈ మూడు కాన్పుల లెక్క చేసి చూపమనండి. ఏమి అనుకుని ఆ లెక్క వేశారో మీ భాషలో వివరించమనండి. వివరించగలిగితే వారికి విద్య వచ్చినట్లే. ఆ వివరణను ఇంటిల్లిపాదీ, ముఖ్యంగా పెద్దలు, కోడలి సమక్షంలో వినడం మంచిది.

అల్లాహ్ మనకు మేలుచేసే జ్ఞానాన్ని, ఆ జ్ఞానాన్ని న్యాయం కోసం వినియోగించే బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.