ఆట ఒకరిది, ఆనందం మరొకరిది

జూలై మాసపు మధ్యాహ్నవేళ దోహా నగరంలోని మదీనత్ ఖలీఫా వీధులు నిర్మానుష్యంగా ఉంటాయి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన ఆ వేళ పిల్లలకు ఆటస్థలం ఇంటి నాలుగు గోడలే. అటువంటి ఇళ్ళలో నేడు తరచు కనిపించే ఒక దృశ్యం పెద్దలకు అంతుపట్టడం లేదు. కుర్రవాడు గంటల తరబడి వీడియో గేమ్ చూస్తూ ఉంటాడు. తాను ఆడడు, ఏ దేశంలోనో ఉన్న అపరిచితుడు ఆడుతుంటే చూస్తాడు. “ఎవడో ఆడుకుంటుంటే నువ్వు చూడడమేమిటిరా?” అని తండ్రి విసుక్కుంటాడు. ఆ తండ్రే సెలవునాడు క్రికెట్ మ్యాచ్ ముందు కూర్చుంటే భోజనానికైనా లేవడు!

ఈ వైరుధ్యంలోనే సమాధానం దాగి ఉంది. ఆటను చూసి ఆనందించడం ఆడడమంత ప్రాచీనమైనది. మన పల్లెల్లో రచ్చబండ మీద ఇద్దరు పులిజూదం ఆడుతుంటే పదిమంది చుట్టూ మూగి సలహాలిచ్చేవారు. మారినది రచ్చబండ మాత్రమే. 1998లో విడుదలైన స్టార్‌క్రాఫ్ట్ వంటి ఆటల పోటీలను ప్రసారం చేయడానికి దక్షిణ కొరియాలో 2000 నాటికే ప్రత్యేక టీవీ ఛానల్ వెలసింది. 2011లో అమెరికాలో ప్రారంభమైన ట్విచ్ అనే ప్రసార వేదికను 2014లో అమెజాన్ సంస్థ సుమారు 97 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది.

ఈ ఆకర్షణకు శాస్త్రం చూపే కారణాలు ముఖ్యంగా రెండు. మొదటిది, చూసి నేర్చుకునే స్వభావం. పెద్దలు ఒక బొమ్మతో ప్రవర్తించిన తీరును పిల్లలు యథాతథంగా అనుకరిస్తారని ఆల్బర్ట్ బండూరా 1961లో జరిపిన ప్రయోగం నిరూపించింది. మైన్‌క్రాఫ్ట్‌లో కోట కట్టేవాడు తన ఆలోచనను పైకి చెబుతూ కడతాడు. క్రికెట్ ఆటగాడు బ్యాటు పట్టుకొని అలా చెప్పలేడు కదా! రెండవది, తోడు కోసం తపన. తెర మీద తమతో మాట్లాడే వ్యక్తిని ప్రేక్షకులు సొంత మిత్రునిగా భావిస్తారని డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1956లోనే వివరించారు. దీనిని ఏకపక్ష స్నేహం అనవచ్చు. బావలు, మరదళ్ళు, పిన్ని పిల్లలు సముద్రానికి ఆవలి ఒడ్డున ఉండిపోగా, ఒంటరిగా పెరిగే ప్రవాస బాలుడికి ఆ గొంతు తోడుగా తోచడంలో ఆశ్చర్యమేముంది?

అయితే రచ్చబండకూ తెరకూ ఒక ముఖ్యమైన భేదముంది. పొద్దు గూకితే రచ్చబండ ఖాళీ అయ్యేది. తెర మీద ఒక ఆట ముగియగానే మరొకటి దానంతటదే మొదలవుతుంది. ప్రేక్షకుడు ఎంతసేపు కూర్చుంటే వ్యాపారికి అంత లాభం. రచ్చబండ మీద ఆడేవాడికి పక్కనున్న కుర్రవాడు ఎవరి అబ్బాయో తెలుసు. వాడు రెండు రోజులు కనబడకపోతే అడిగేవాడు. తెర మీది ఆటగాడికి మదీనత్ ఖలీఫాలోని బాలుడు కేవలం ఒక అంకె. ఆందోళన చెందవలసినది ఈ విషయం గురించి.

కనుక ఫోను లాక్కోవడం పరిష్కారం కాజాలదు. తోడు లేని లోటు అలాగే మిగిలిపోతుంది. సమయానికి హద్దు విధించవలసిందే. కాని అంతకుముందు తండ్రి ఒక్క అరగంట కుమారుని పక్కన కూర్చోవాలి. “ఇందులో పులి ఎవరు, మేక ఎవరు? వాడిప్పుడు ఎందుకు వెనక్కి తగ్గాడు?” అని అడగాలి. నాన్నకు తెలియనిది తనకు తెలుసునన్న ఉత్సాహంతో పిల్లవాడు వివరిస్తాడు. ఆ వివరణ తెలుగులో సాగితే, వారాంతపు పాఠాలకు లొంగని మాటలు అప్రయత్నంగా నోటికి వస్తాయి. వాడు చూస్తున్నది పిల్లలు చూడదగినదా కాదా అన్నదీ తల్లిదండ్రులకు అప్పుడే తెలుస్తుంది. చలికాలం రాగానే అదే చొరవతో వాడిని సాయంత్రం పార్కుకు తీసుకుపోవచ్చు.

పిల్లలు వెతుకుతున్నది కేవలం ఆట కాదు, ఆట పక్కన కూర్చునే మనిషిని. ఆ చోటు ఇంటివారిది.