ఆయాసమని నడక మానవద్దు



ఆయాసపడే పెద్దవారిని మంచానికే పరిమితం చేయడం ప్రేమ అనుకుంటారు చాలామంది. అది కీడే చేస్తుందని మా అభిప్రాయం. సి.ఓ.పి.డి. ఉన్నవారు వేగంగా నడిస్తే పాత గాలి పూర్తిగా బయటికి పోక, కొత్త గాలికి చోటుండదు. అందుకే ఆయాసం. భయపడి కూర్చుంటే కాళ్ల కండరాలు కూడా బలహీనపడి, నాలుగు అడుగులకే ఆయాసం వస్తుంది.

మృగశిర కార్తెకు చేప ప్రసాదం కోసం మొదట మన దూద్‌బౌలిలో, తర్వాత నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో గంటల తరబడి నిలబడ్డ ఓపిక మనవారిది. ఆ ఓపికలో రోజుకు 10 నిమిషాలు నడకకు ఇవ్వమంటున్నాము.

డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి. ఆటోల పొగ లేని వేళ, నెమ్మదిగా నడవండి. ముక్కుతో గాలి పీల్చి, వేడి చాయ్ ఊదినట్లు పెదవులు ముడిచి నిదానంగా వదలండి. ఆయాసం వస్తే ఆగి, తగ్గాక మళ్లీ నడవండి. ఛాతీలో నొప్పి వచ్చినా, పెదవులు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి రండి. బీడీ, సిగరెట్ పూర్తిగా మానాలి.

ఈ ఆదివారం ఆరాధనకు మీ పెద్దవారిని చేయి పట్టుకొని నడిపించి తీసుకురండి. దేవుడు మిమ్మును దీవించును గాక.