వాణిజ్య విద్యయందలి లోపము

మన రెండు తెలుగు రాష్ట్రములందును ఏటేట బి.కాం. పట్టము పుచ్చుకొను యువతీయువకులకు కొదువ లేదు. ఆ పట్టము ప్రక్కన ‘కంప్యూటర్ అప్లికేషన్స్’ అను విశేషణము చేరుటయు నేడు సాధారణమైపోయినది. అయినను అట్టి పట్టభద్రుని పిలిచి, బజారులోని యొక దుకాణమున కూర్చుండబెట్టి, ‘నాయనా, ఈ నెల కొనుగోళ్లను అమ్మకములను చూచి జి.ఎస్.టి. లెక్క సిద్ధపరచుము’ అని యడిగినచో, అతడు తెల్లమొగము వేయుట అరుదు కాదు. ఈ లోపము విద్యార్థిది కాదు. గట్టున కూర్చుండబెట్టి ఈత నేర్పు బోధనా పద్ధతిది.

వర్తకపు తీరు మన కన్నులయెదుటనే మారినది. 2016లో యు.పి.ఐ. చెల్లింపులు వచ్చినవి. 2017 జూలై 1వ తేదీన జి.ఎస్.టి. అమలులోనికి వచ్చెను. 2018 ఏప్రిల్ నుండి రాష్ట్రములు దాటు సరకునకు ఈ-వే బిల్లు తప్పనిసరియైనది. 2023 ఆగస్టు 1 నుండి, ఏటి వ్యాపారము 5 కోట్లు మించిన వర్తకులు ఇతర వర్తకులకు ఇచ్చు బిల్లులను ప్రభుత్వ పద్ధతిలో కంప్యూటరు ద్వారా నమోదు చేయించవలసి వచ్చెను. ఇది పట్టణపు వర్తకునికి మాత్రమే సంబంధించిన సంగతియని భూస్వాములు తలపరాదు. 2016 ఏప్రిల్ 14న ఆరంభమైన ఈ-నామ్ ద్వారా నిజామాబాదు మార్కెట్టులో పసుపు ధర సైతము తెరమీదనే తేలుచున్నది. చిట్టా, ఆవర్జా పోలేదు. అవి యంత్రములోనికి ప్రవేశించినవి, అంతియే.

ఇందు తెలివిమాలినందువలన కలుగు నష్టమెంతయో యొక లెక్కతో చూపుదుము. ఒక వర్తకుడు లక్ష రూపాయల సరకు కొని, నూటికి 18 చొప్పున 18,000 రూపాయల పన్ను చెల్లించెననుకొందము. ఆ మొత్తమును తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకొనుటకు అతనికి హక్కు కలదు. కాని అమ్మినవాడు ఆ బిల్లును తన రిటర్నులో చూపినగాని ఆ హక్కు పారదు. 2022 జనవరి నుండి చట్టమట్లున్నది. ఎదుటివాని గుమాస్తా ఒక్క బిల్లు మరచినచో ఇతని 18,000 రూపాయలు చిక్కుబడును. నెలనెలయు తన కొనుగోళ్ల పట్టికను ప్రభుత్వ పట్టికతో సరిచూచువాడుండిన, ఆ తప్పు వెంటనే బయటపడును. లేనిచో ఏడాది గడచి నోటీసు వచ్చిన పిదప లబలబలాడవలెను. సరిచూచుట నేర్చిన విద్యార్థికి ఇది పూటపని. నేర్వనివాని పట్టము ఆ దుకాణమునకేమి యుపయోగము?

సిద్ధాంతము అనవసరమని మా మతము కాదు. 1494లో వెనిస్ నగరమున లూకా పాచియోలీ ప్రకటించిన జమాఖర్చు సూత్రమే నేటి కంప్యూటరు లెక్కలకును పునాది. 1979లో వెలువడిన, పర్సనల్ కంప్యూటరులకు మొదటిదైన లెక్కల పట్టిక ‘విజికాల్క్’ను తలపోసిన డాన్ బ్రిక్లిన్ అప్పటికి హార్వర్డు వాణిజ్య విద్యార్థియే. ఒక్క అంకె మారినచో బల్లమీది అంకెలన్నియు చెరిపి మరల వ్రాయవలసిన బాధను చూచినవాడు గావుననే, అతనికి ఆ సాధనము స్ఫురించినది. లెక్క తెలిసినవానికే యంత్రము లొంగును.

లెక్క తెలియక మీటలు మాత్రమే నొక్కుటయు ప్రమాదకరమే. పండితులు సైతము పొరబడుదురు. 2010లో ఇద్దరు ప్రఖ్యాత అర్థశాస్త్రజ్ఞులు ప్రకటించిన వ్యాసమున, ఎక్సెల్ పట్టికలో సగటు కట్టునప్పుడు అయిదు దేశముల వరుసలు విడిచిపెట్టబడినవని 2013లో థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి కనిపెట్టెను. 2020లో ఇంగ్లండున, పాతరకపు పట్టికలో వరుసలు చాలక, దాదాపు 16,000 కోవిడు కేసులు సకాలమున లెక్కకెక్కలేదు. యంత్రము చూపిన మొత్తమును శంకించి సరిచూచు బుద్ధియే అసలు విద్య.

సాఫ్ట్‌వేరు ఏటేట మారును గదా, నేర్చి ఫలమేమని కొందరందురు. కృత్రిమ మేధయే సర్వము వ్రాసిపెట్టునని మరికొందరందురు. సాధనము మారవచ్చును, సరిచూచు అలవాటు మారదు. యంత్రము వ్రాసిన లెక్కకు సంతకము చేయువాడును, అధికారి యడిగినపుడు జవాబు చెప్పవలసినవాడును మనుష్యుడే.

కావున మా సూచనలివి. కళాశాలలు స్థానిక వర్తకుల పాత బిల్లులను, పేర్లు తొలగించి, విద్యార్థుల చేతికీయవలెను. బ్యాంకు పట్టీతో ఖాతా సరిచూచుట, లెక్కల పట్టికలో తప్పు వెదకుట, రిటర్ను సిద్ధపరచుట పరీక్షాంశములు కావలెను. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను కొట్టనక్కరలేదన్న చిన్న సంగతి మొదలు, మోసములనుండి తప్పించుకొను జాగ్రత్తలు నేర్పవలెను. ధనము లేదను సాకు చెల్లదు. లిబ్రె ఆఫీసు వంటి సాధనములు ఉచితముగనే లభించుచున్నవి. వర్తక సంఘముల వారు వేసవి సెలవులలో దుకాణమున కొక్క విద్యార్థిని చేర్చుకొందురేని, ఉభయులకును లాభమే.

తలిదండ్రులకొక్క మాట. పొలము కౌలునకిచ్చి, అప్పుచేసి రుసుము చెల్లించుచున్న మీరు, కళాశాలలో ఎన్ని కంప్యూటరులున్నవని యడిగి తృప్తిపడకుడు. మీ కుమారుడో కుమార్తెయో వారమునకెన్ని గంటలు స్వయముగ వానియెదుట కూర్చుండి పనిచేయుచున్నారో అడుగుడు. ఆ ప్రశ్న నలుగురు తలిదండ్రులు గట్టిగ అడిగిననాడు కళాశాలలు మారకతప్పదు. పట్టము గోడకు వ్రేలాడును. చేతనైన పని ఇల్లు నిలుపును.